హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతంలో రేడియో మరమ్మతు: వాల్వు సెట్టు నుంచి చేతి స్కానరు వరకు

వ్యాససంగ్రహం:

తెలుగునాట రేడియో చరిత్రను ఎక్కువగా ప్రసార కేంద్రాల చరిత్రగా, కార్యక్రమాల చరిత్రగా రాసుకున్నాం. వినే పెట్టె మూగబోయినప్పుడు దానికి మళ్ళీ గొంతునిచ్చిన మెకానిక్కు ఆ చరిత్రలో కనిపించడు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాలను పరిధిగా తీసుకుని రేడియో మరమ్మతు వృత్తి ఏ పరిస్థితుల్లో బలపడిందో, చేతిలో పట్టుకుని వాడే స్కానరు దగ్గరకు వచ్చేసరికి ఎందుకు నిలిచిపోయిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ప్రసార కేంద్రాల దూరం ఈ వృత్తికి నైపుణ్యాన్ని ఇచ్చిందనీ, లైసెన్సు చట్టం దాని హద్దులను నిర్ణయించిందనీ, నేటి ప్రతిష్టంభనకు నైపుణ్యలోపం ఒక్కటే కారణం కాదనీ ఇందులో ప్రతిపాదిస్తున్నాను.

కీలకపదాలు: రేడియో, మరమ్మతు, లైసెన్సు, స్కానరు, మాటు, వృత్తి పరిభాష, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం.

1. ఉపోద్ఘాతం:

‘స్కానరు’ అనగానే నేటి పాఠకునికి కాగితాలను నకలు తీసే యంత్రమో, ఆసుపత్రిలోని పరీక్షాయంత్రమో గుర్తుకు రావచ్చు. ఈ వ్యాసంలో ఆ మాటకు అర్థం వేరు. అనేక పౌనఃపున్యాలను వరుసగా వెదుకుతూ, ఎక్కడ మాట వినిపిస్తే అక్కడ ఆగే రేడియో గ్రాహకమే స్కానరు. అది వినడానికి మాత్రమే పనికివస్తుంది, మాట పంపలేదు. మాట పంపగల వాకీటాకీకీ దీనికీ ఉన్న ప్రధానమైన తేడా ఇదే. ఇలాంటి పరికరాలు అమెరికాలో 1960ల చివరి నుంచి, 1970లలో ప్రచారంలోకి వచ్చాయి. తొలినాటి స్కానర్లలో వినవలసిన ప్రతి మార్గానికీ ఒక్కొక్క స్ఫటికం అమర్చవలసి వచ్చేది. తరువాతి కాలంలో ఆ పనిని చిప్పులు చేపట్టాయి.

ఇటువంటి పరికరం హిందూపురంలోనో ధర్మవరంలోనో చెడిపోతే ఎవరి దగ్గరకు తీసుకువెళ్ళాలి? ఇది చిన్న ప్రశ్నలాగే కనిపిస్తుంది. జవాబు వెదకడం మొదలుపెడితే తొంభై ఏళ్ళ చట్టం, ప్రసార కేంద్రాల భూగోళం, ఒక చేతివృత్తి పుట్టుక, క్షీణత అన్నీ ఎదురవుతాయి. అందువల్ల ముందుగా ఇంటి రేడియోతో ఆరంభించవలసి ఉంటుంది.

2. కేంద్రాల దూరం, మెకానిక్కు అవసరం:

అనంతపురం జిల్లా 1882లో బళ్ళారి జిల్లా నుంచి విడివడి ఏర్పడింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు మద్రాసు పాలనలో ఉంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం దక్షిణం నుంచి ఉత్తరానికి ఒకే రైలుదారిలో ఉన్న పట్టణాలు. 2022 ఏప్రిల్ 4 నుంచి ఇవి శ్రీ సత్యసాయి జిల్లాలో భాగమయ్యాయి. పాలన పరంగా మద్రాసుకు, కర్నూలుకు, హైదరాబాదుకు ఒకదాని తరువాత ఒకటిగా అనుబంధమైన ఈ ప్రాంతానికి భౌగోళికంగా దగ్గరి మహానగరం మాత్రం ఎప్పుడూ బెంగళూరే. హిందూపురం నుంచి అది సుమారు 100 కిలోమీటర్లు.

మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు 1924లో ప్రసారాలు ఆరంభించి 1927లో ఆగిపోయింది. 1930లో మద్రాసు నగరపాలక సంస్థ ఆ ప్రసారాలను చేపట్టింది. 1938లో మద్రాసులో ఆలిండియా రేడియో కేంద్రం వచ్చింది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న, బెంగళూరు కేంద్రం 1955లో, కడప కేంద్రం 1963లో మొదలయ్యాయి. అనంతపురానికి సొంత ఎఫ్.ఎం. కేంద్రం వచ్చేసరికి 1991 అయింది. అంటే మద్రాసు కేంద్రం మొదలైన తరువాత అరశతాబ్దానికి పైగా ఈ ప్రాంతపు శ్రోత పరాయి జిల్లా కేంద్రాన్నో, పొరుగు రాష్ట్రపు కేంద్రాన్నో దూరం నుంచి పట్టుకుంటూ వచ్చాడు.

ఈ కాలక్రమం మరమ్మతు చరిత్రకు చాలా ముఖ్యమైనది. కేంద్రం ఊళ్ళోనే ఉంటే నాసిరకం సెట్టు కూడా పలుకుతుంది. కేంద్రం దూరమైనప్పుడు సెట్టులో ఏ చిన్న లోపమున్నా కార్యక్రమం గరగరలో కలిసిపోతుంది. మీడియం వేవ్ తరంగాలు పగటిపూట నేలను అంటిపెట్టుకుని ప్రయాణిస్తాయి కనుక వాటి పరిధి పరిమితం. రాత్రిపూట పై వాతావరణపు పొరల నుంచి పరావర్తనం చెంది చాలా దూరం చేరుతాయి. పగలు వినిపించని విజయవాడ రాత్రి వినిపించడం, విన్నంతలోనే సన్నగిల్లి మళ్ళీ పుంజుకోవడం ఇందువల్లనే. షార్ట్‌వేవ్‌లో రేడియో సిలోన్ తెలుగు ప్రసారాలు, మీనాక్షి పొన్నుదురై గొంతు తెలుగు శ్రోతలకు సుపరిచితం. వాటిని స్పష్టంగా వినాలంటే మంచి ఏరియలు, సరిగా శ్రుతి కుదిరిన సెట్టు అవసరం. ఇంటి కప్పు మీద రెండు గుంజల మధ్య రాగితీగ కట్టడం, దానిని ఇంట్లోకి దించడం, ఎర్తు తీగను తడినేలలో పాతడం కూడా మెకానిక్కు పనిలో భాగమే. దూరం ఒక లోటు. ఆ లోటే ఈ వృత్తికి గిరాకీని, నైపుణ్యాన్ని కల్పించింది.

శ్రోతల జీవనవిధానం కూడా ఇందుకు తోడ్పడింది. ధర్మవరం పట్టుచీరల నేతకు ప్రసిద్ధి. గుంటమగ్గంలో కూర్చున్న నేతకారునికి చేతులు, కాళ్ళు, కళ్ళు పనిలో ఉంటాయి. చెవి ఒక్కటే ఖాళీ. పని ఆపకుండా అనుభవించగల వినోదం రేడియో. మగ్గం పక్కన పెట్టుకున్న రేడియో ఆగిపోవడం ఆ ఇంటి దినచర్యలో ఒక భాగం ఆగిపోవడమే. హిందూపురం బెల్లం, చింతపండు, మిరప వ్యాపారాలకు పేరుపొందిన అంగడి. పెనుకొండ విజయనగర కాలం నుంచీ పాలనాకేంద్రం. మగ్గం, అంగడి, కచేరీ అనే ఈ మూడు రకాల జీవితాలకూ రేడియో అక్కరకు వచ్చింది.

3. వాల్వు నుంచి ట్రాన్సిస్టరుకు:

వాల్వు రేడియో బరువైనది, వేడెక్కేది, ఓపికతో విప్పితే అర్థమయ్యేది. ఈసీహెచ్ 81, ఈఎఫ్ 89, ఈఎల్ 84 వంటి వాల్వుల పేర్లు ఒక తరం మెకానిక్కులకు కంఠస్థం. సెట్టు ‘బుయ్’మని ఏకధాటిగా మోగుతుంటే విద్యుత్తును చదునుచేసే కండెన్సరు ఎండిపోయిందని అనుమానించాలి. వాల్వు వెలగకపోతే లోపలి తీగ తెగి ఉండవచ్చు. మీట తిప్పినప్పుడు గరగరలాడితే వాల్యూము కంట్రోలులో కర్బన పొర అరిగి ఉండవచ్చు. అంటే చూపు, వినికిడి, వాసన, స్పర్శ అన్నీ రోగనిర్ణయానికి పనికివచ్చేవి. బెంగళూరులో 1954లో స్థాపితమైన భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1960ల తొలి సంవత్సరాల్లో వాల్వులను, ఆ వెనువెంటనే ట్రాన్సిస్టర్లను దేశీయంగా ఉత్పత్తి చేయసాగింది. విడిభాగాల లభ్యతలో అది పెద్ద మలుపు.

ట్రాన్సిస్టరు వచ్చాక రేడియో గోడకున్న ప్లగ్గును విడిచి చేతిలోకి, చంకలోకి, ఎద్దులబండి మీదికి వచ్చింది. కరెంటు లేని పల్లెలో తక్కువ ఖర్చుతో, నాలుగు బ్యాటరీ సెల్లులతో నడిచే రేడియో సాధ్యమైంది. అయితే మెకానిక్కు విద్య మూలసూత్రం మారలేదు. వాల్వు సెట్టులోనూ ట్రాన్సిస్టరు సెట్టులోనూ పద్ధతి ఒకటే. వచ్చిన తరంగానికి సెట్టులోనే పుట్టించిన మరొక తరంగాన్ని కలిపి, రెండింటి తేడాను 455 కిలోహెర్ట్జ్‌ల స్థిరమైన మెట్టుకు దించి, ఆ మెట్టు మీద బలపరుస్తారు. బెంగళూరు కేంద్రం 612 కిలోహెర్ట్జ్‌ల మీద వినిపించాలంటే సెట్టు లోపల 1067 కిలోహెర్ట్జ్‌ల తరంగం పుట్టాలి. అది కాస్త పక్కకు జరిగితే ముల్లు ఒకచోట, కేంద్రం మరొకచోట ఉంటాయి. సన్నని మరతో తీగచుట్ల లోపలి ఫెర్రైట్ దిమ్మలను అటూ ఇటూ తిప్పి ఈ లెక్కను సరిచేయడమే ‘అలైన్‌మెంటు’. బయటివారికి అది మర తిప్పడంలాగా కనిపిస్తుంది. నిజానికది శ్రుతి కలపడం.

ట్రాన్సిస్టరు రేడియోలోని ఏరియలు ఒక నల్లని ఫెర్రైట్ కడ్డీ. కడ్డీ కొనలు చూసే దిక్కు నుంచి వచ్చే తరంగాన్ని అది దాదాపుగా గ్రహించదు. అడ్డంగా వచ్చేదాన్ని బాగా గ్రహిస్తుంది. హిందూపురానికి బెంగళూరు దక్షిణాన ఉంది, కడప తూర్పు ఈశాన్యంలో ఉంది. కనుక కడ్డీని ఉత్తర దక్షిణాలుగా ఉంచితే బెంగళూరు తగ్గి 900 కిలోహెర్ట్జ్‌ల కడప తేలుతుంది. తూర్పు పడమరలుగా తిప్పితే బెంగళూరు పైకి వస్తుంది. ఈ శాస్త్రం పేరు తెలియకపోయినా రేడియోను ఇటు తిప్పి కన్నడాన్ని, అటు తిప్పి తెలుగును వినడం ఈ సరిహద్దు శ్రోతకు చేతివాటంగా అబ్బే విద్య. భాషల సరిహద్దు దేశపటంలోనే కాదు, రేడియో పెట్టె తిరిగిన కోణంలోనూ ఉంది.

4. మాటు, కళాయి, సోల్డరు:

రేడియో మరమ్మతు తెలుగు పల్లెకు పూర్తిగా కొత్త పని కాదు. చిల్లుపడిన బిందెకు మాటు వేయడం, ఇత్తడి పాత్రకు కళాయి పూయడం ఊరూరా తిరిగే పనివారి పాతవృత్తి. రెండింటికీ ఆధారం తగరమే. కళాయి పూసేవారు లోహపు మురికిని తొలగించడానికి నవాసాగరం చల్లుతారు. రేడియో పనిలో ఆ స్థానాన్ని పైన్ చెట్టు జిగురు నుంచి తీసే రోజిన్ ఆక్రమించింది. నవాసాగరం వంటి పదార్థాలు మిగిలిపోతే వెంట్రుకవంటి రాగితీగలను తినేస్తాయి. రోజిన్ అలా చేయదు. తగరం, సీసం సుమారు 60:40 పాళ్ళలో కలిసిన సోల్డరు 190 డిగ్రీల సెల్సియస్ లోపే కరుగుతుంది. ఇది మెకానిక్కుకు అనుకూలమైన గుణం. ఇటీవలి పరికరాల్లో వాడే సీసం లేని సోల్డరుకు దాదాపు 217 డిగ్రీలు కావాలి. పాత ఇనుముతో కొత్త పలకను ముట్టుకోవడం కష్టం కావడానికి ఇదొక కారణం.

పరిభాష విషయంలో ఈ వృత్తి చెప్పుకోదగిన పనిచేసింది. కేంద్రాన్ని ‘పట్టడం’, గొంతు ‘తేలడం’, సెట్టు ‘పలకడం’, వాల్వు ‘పోవడం’, తీగ ‘తెగడం’, బ్యాటరీ ‘దిగిపోవడం’ అనే వాడుకల్లో క్రియలన్నీ తెలుగు. గ్యాంగు, కాయిలు, కండెన్సరు, బ్యాండు, స్పీకరు వంటి నామవాచకాలు మాత్రం ఆంగ్లం నుంచి వచ్చి తెలుగు విభక్తులను తొడుక్కున్నాయి. పండితులు ‘శబ్దగ్రాహకయంత్రం’ వంటి సమాసాలు కల్పించగలరు గాని, పాడైన వస్తువును వర్ణించే క్రియను కల్పించడం అంత సులభం కాదు. ఆ క్రియలను మరమ్మతు బల్ల దగ్గర వృత్తిదారుడూ శ్రోతా కలిసి స్థిరపరిచారు. తెలుగులో సాంకేతిక పరిభాషా చరిత్ర నిఘంటువుల చరిత్ర మాత్రమే కాదనడానికి ఇది నిదర్శనం.

5. లైసెన్సు నీడ:

1885 నాటి టెలిగ్రాఫు చట్టానికి తోడుగా 1933లో భారతీయ వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం వచ్చింది. లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరాన్ని కలిగి ఉండటమే నేరమని అది నిర్దేశించింది. పంపే యంత్రంతోపాటు వినే యంత్రమూ దాని పరిధిలోనిదే. శ్రోత తపాలా కార్యాలయంలో ఏటా రుసుము చెల్లించి రేడియో లైసెన్సు పుస్తకంలో ముద్ర వేయించుకోవాలి. 1927లో ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ మొదలైనప్పుడు ఆ రుసుము ఏడాదికి 10 రూపాయలు. అందులో అధికభాగం కంపెనీకి చేరేది. అంటే రేడియో వినడం హక్కుగా గాక అనుమతిగా మొదలైంది.

ఈ అనుమతి వెనుక పాలకుల భయం ఉంది. 1942లో ఉషా మెహతా ప్రభృతులు బొంబాయిలో నడిపిన రహస్య కాంగ్రెసు రేడియో ఆ భయానికి బలమిచ్చింది. ఆ కేసులో ప్రసంగాలు చదివినవారితోపాటు విడిభాగాలు సమకూర్చారన్న ఆరోపణ ఎదుర్కొన్న వ్యాపారి కూడా విచారణకు గురయ్యాడు. రేడియో విప్పి బిగించగలవాడు కొత్తది కట్టగలడన్న అనుమానం ఈ వృత్తిని ఆరంభం నుంచీ వెన్నాడింది.

స్వాతంత్ర్యానంతరం ఇంటి రేడియో విషయంలో ఈ పట్టు క్రమంగా సడలింది. 1980ల నడుమ శ్రోతల లైసెన్సు పద్ధతి రద్దయింది. అప్పటి నుంచి ఆకాశవాణి వినే పెట్టె వీధి దుకాణంలో అమ్ముడయ్యే మామూలు వస్తువు. దాన్ని బాగుచేసేవాడు ఎవరికీ జవాబు చెప్పుకోనక్కరలేదు. పంచాయతీ రేడియోల మార్గం దీనికి భిన్నంగా నడిచింది. వాటి కొనుగోలుకు కేంద్రం సహాయపడగా, అమర్చి నడిపించే బాధ్యత రాష్ట్రాలు వహించాయి. ఊరి పెట్టె పాడైతే ప్రభుత్వ సిబ్బంది రావాలి. ఇంటి పెట్టె పాడైతే బజారు వీధిలోని మెకానిక్కు చాలు. మూలపడిన సామూహిక రేడియోల సమస్య ఆనాటి ప్రసార విధాన చర్చల్లో తరచు వినిపించడానికీ, ఇంటి రేడియో దీర్ఘకాలం బతకడానికీ మధ్య ఈ తేడా ఉంది. మరమ్మతు చేరువలో ఉన్న వస్తువే నిలుస్తుంది.

6. చేతి స్కానరు దగ్గర తెగిన గొలుసు:

ఈ నేపథ్యంలో స్కానరును చూస్తే దాని ఇబ్బంది స్పష్టమవుతుంది. ఇంటి రేడియోకు దొరికిన స్వేచ్ఛ దీనికి దొరకలేదు. పోలీసు, రైల్వే, విమానయాన సంభాషణలను అందుకోగల గ్రాహకం కావడం వల్ల ఇది సాధారణ ప్రసార రేడియో కిందికి రాదు. 1885, 1933 చట్టాల స్థానంలో తెచ్చిన 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కూడా రేడియో పరికరాన్ని కలిగి ఉండటానికి అధికారిక అనుమతి కావాలనే సూత్రాన్ని కొనసాగించింది. అనుమతిలేని వాకీటాకీలను ఆన్‌లైన్ అంగళ్ళలో అమ్మడాన్ని నియంత్రిస్తూ 2025 మే నెలలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు వెలువరించింది. ఇక్కడ కీలకమైన మాట ‘కలిగి ఉండటం’. మరమ్మతుకు వచ్చిన పరికరం కొన్నాళ్ళపాటు మెకానిక్కు బల్ల మీదనే ఉంటుంది. దాని యజమానికి అనుమతి ఉందో లేదో తెలియనప్పుడు ఆ బల్లే వివాదస్థలం కావచ్చు. వద్దని తిప్పి పంపడం చేతకానితనం కాదు, ముందుచూపు.

ఇదే ప్రాంతంలో చేతిరేడియోలకు కొదవలేదు. గార్డులు, లోకోపైలట్లు వాకీటాకీలు వాడుతారు. ధర్మవరం పెద్ద జంక్షను. ఆ పరికరాల బాగోగులు రైల్వేలోని సిగ్నల్, టెలికమ్యూనికేషన్ విభాగం చూసుకుంటుంది. పోలీసు సెట్లకు వారి కమ్యూనికేషన్ విభాగం ఉంది. సంస్థల చేతిరేడియోకు సంస్థలోనే వైద్యుడున్నాడు. వ్యక్తి చేతిలోని దానికి ఊళ్ళో వైద్యుడు లేడు. పంచాయతీ రేడియో కాలపు పరిస్థితి తలకిందులైంది. అప్పుడు ప్రభుత్వ మరమ్మతు దూరం, వీధి మరమ్మతు చేరువ. ఇప్పుడు ఈ పరికరానికి సంబంధించినంతవరకు వీధి మరమ్మతే లేదు.

చట్టం ఒక కారణమైతే నిర్మాణం మరొకటి. స్కానరులో వచ్చే లోపాలను రెండుగా విభజించవచ్చు. బ్యాటరీ కారి తెల్లని పెచ్చు కట్టిన బిగింపులు, ఏరియలు బిగించేచోట విరిగిన మాటు, అరిగిన వాల్యూము కంట్రోలు, పగిలిన స్పీకరు మొదటి రకం. ఇవి పాత ట్రాన్సిస్టరు రేడియో లోపాలే. చేయి తిరిగిన మెకానిక్కు వీటిని నేటికీ సరిచేయగలడు. చిప్పు లోపలి ఆదేశాల పట్టిక చెడిపోవడం, బలమైన సంకేతం తగిలి తొలిదశ మాడిపోవడం రెండో రకం. వీటికి బియ్యపుగింజకన్నా చిన్న భాగాలను తీసి అతికించే పనిముట్లు, పరీక్షాయంత్రాలు, తయారీదారు ఇచ్చే పటం కావాలి. వాల్వు రేడియోలో వైరింగు పటాన్ని పెట్టె లోపలే అంటించే అలవాటు చాలా కంపెనీలకు ఉండేది. నేటి పరికరంలో అది కనిపించదు. విడిభాగాలకు ఈ ప్రాంతం నుంచి దగ్గరి విపణి బెంగళూరులోని ఎస్.పి. రోడ్డు. అక్కడ కండెన్సరు దొరుకుతుంది గాని, ఒక కంపెనీ తన పరికరానికే ప్రత్యేకించిన చిప్పు దొరకడం అరుదు.

భౌగోళిక స్వభావమూ మారింది. స్కానరు వినే తరంగాలు మీడియం వేవ్‌లాగా నేలను అంటుకుని రావు. దాదాపు కంటిచూపులాగా తిన్నగా పోతాయి. పెను+కొండ అన్న పేరులోనే వాటికి అడ్డంకి ఉంది. సంస్కృతంలో ఘనగిరి అనిపించుకున్న ఆ కొండకు ఒకవైపు వినిపించే మాట రెండోవైపు వినిపించకపోవచ్చు. అటువంటప్పుడు సెట్టు చెడిందా, చోటు చెడ్డదా అని తేల్చడమే మరమ్మతులో మొదటి మెట్టు. ఆ మెట్టు దగ్గర సలహా చెప్పగల మనిషి ఊళ్ళో లేకపోతే బాగున్న పరికరం కూడా చెత్తబుట్టకు చేరుతుంది.

మరమ్మతుకు లొంగని ఇంకొక మరణం కూడా ఉంది. పుట్టపర్తి నుంచి ‘రేడియో సాయి’ ప్రసారాలు 2001 నవంబరు 23న వరల్డ్‌స్పేస్ ఉపగ్రహ వ్యవస్థ ద్వారా మొదలయ్యాయి. వాటికి ప్రత్యేకమైన గ్రాహకాలు కావాలి. 2009 డిసెంబరు 31తో వరల్డ్‌స్పేస్ భారతదేశంలో సేవలు నిలిపివేసింది. రేడియో సాయి అంతర్జాలం వంటి ఇతర మార్గాల్లో కొనసాగింది. ఆ గ్రాహకాలు మాత్రం ఒక్క తీగ తెగకుండానే మూగబోయాయి. పోలీసు, ఇతర సంస్థల సంభాషణలు గూఢలిపిలోని డిజిటల్ పద్ధతికి మారుతున్నకొద్దీ స్కానరుకూ ఇదే గతి పట్టవచ్చు. యంత్రం బాగున్నా వినడానికి ఏమీ ఉండదు.

అయితే చట్టబద్ధమైన మార్గం పూర్తిగా మూసుకుపోలేదు. పరీక్ష రాసి లైసెన్సు పొందే ఔత్సాహిక రేడియో వ్యవస్థ మన దేశంలో ఉంది. 1978 నాటి నియమావళి దానిని చిరకాలం నడిపించింది. హైదరాబాదులో 1983లో ఏర్పడిన జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ ఇటువంటి శిక్షణ ఇస్తూ వచ్చింది. రేడియో సిద్ధాంతం చదివి, తన యంత్రాన్ని తానే కట్టుకుని బాగుచేసుకునే అవకాశం ఈ ఒక్క మార్గంలోనే మిగిలింది. పాత మెకానిక్కు చేతి విద్యకూ ఈ పరీక్షకూ మధ్య వంతెన వేస్తే ఆ నైపుణ్యం కొత్త తరానికి అందుతుంది. ఆ వంతెన తెలుగులో ఉండటం అవసరం.

7. ముగింపు:

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, ఈ ప్రాంతంలో రేడియో మరమ్మతు విద్యకు పదునుపెట్టినది ప్రసార కేంద్రాల దూరం. రెండు, లైసెన్సు పోయాక ఇంటి రేడియో మరమ్మతు నిశ్చింతగా సాగింది. అనుమతి నీడ తొలగని స్కానరుకు ఆ అవకాశం రాలేదు. మూడు, పరికరం చిన్నదవుతున్నకొద్దీ దానిని గురించిన జ్ఞానం పెట్టె లోపలి పటం నుంచి తయారీదారు అధీనంలోకి పోయింది. చేతి స్కానరు మరమ్మతు దొరకకపోవడం ఈ మూడింటి ఫలితం.

ఇందులో నష్టపోయేది ఒక వినోదవస్తువు మాత్రమే కాదు. చెవితో రోగాన్ని గుర్తించే విద్య, కళాయి పనివాని నుంచి రేడియో మెకానిక్కు దాకా వచ్చిన లోహపు పనితనం, ఆ బల్ల దగ్గర స్థిరపడిన తెలుగు క్రియలు గ్రంథాలకెక్కలేదు. వాల్వు రేడియోలు విప్పినవారు ఇప్పుడు వృద్ధులు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరాలలో వారి మాటలను, పనిముట్ల పేర్లను, ఖాతా పుస్తకాలను సేకరించడం స్థానిక చరిత్రకారులు, భాషా పరిశోధకులు కలిసి చేపట్టవలసిన పని. పాత సెట్టును ఎప్పుడైనా బాగుచేసుకోవచ్చు. దాన్ని బాగుచేసినవాని అనుభవాన్ని మాత్రం ఆయన ఉండగానే వినాలి.